రెండు పేజీల్లో ఒక పేరు

గుంతకల్లు నుంచి ఫోను.
కొండకు కాదంట. ఊరికంట.
మూడు రోజులు ఊరికే ఊరు చూడాలంట.
పంతొమ్మిదేండ్లుగా ఈ లాడ్జి కౌంటరు వెనక కూర్చోనుండా,
ఈ మాట అడిగిన మనిషి ఈమే మొదలు.

పేరు ఖుర్షీద్. బళ్ళో కుట్టుపని టీచరు.
మాటల వెనక మిషను చప్పుడు.
"ఉగాది పోయినాంక వచ్చేదా,
బడికి సెలవులిచ్చినాంక మే నెలలో వచ్చేదా?
మీ ఊరు ఎప్పుడు బాగుంటాది?"

రిజిస్టరు తెరిచినా.
ఏప్రిల్ పేజీ తెల్లగా ఉంది.
మే పేజీలో అప్పుడే నాలుగు రూములు పోయినాయి.
పెన్సిల్‌తో రెండింట్లోనూ ఆమె పేరు రాసుకోని
చెప్పడం మొదలుపెట్టినా.

ఏప్రిల్‌లో అయితే, మేడమ్,
రెండు వందల నాలుగు ఇస్తా, ఆరు వందలకే.
కిటికీ తీస్తే గోవిందరాజుల గోపురం,
కిందికి చూస్తే కానుగచెట్టు.
తెల్లారేసరికి పూలు రాలి
స్కూటర్ సీట్లన్నీ బొరుగులు చల్లినట్టుంటాయి.
సాయంత్రం ఆరుకి శేషాచలం మీంచి గాలి దిగతాది,
ఆ గాలికి యూనివర్సిటీ రోడ్డు మీద ఎంత దూరమైనా నడవొచ్చు.
గాంధీరోడ్డులో ఇత్తడి అంగడాయన
కూర్చోబెట్టి మాట్లాడతాడు, బేరాల్లేని కాలం కదా.
పచ్చి మామిడికాయకి ఉప్పూకారం పూసి బండి మీద అమ్ముతాంటారు.
పండు కావాలంటే మాత్రం మే దాకా ఆగాల.
కపిలతీర్థంలో నీళ్ళుండవు. అబద్ధమెందుకు,
అవి మేలోనూ ఉండవు.
వానలు పడితేనే ఆ కొండకు నోరొస్తాది.

మేలో అయితే వద్దులెండి.
కత్తిరి ఎండ.
రోడ్డు మీద తారు చెప్పుకంటుకోని ఇంటిదాకా వస్తాది.
పైన ట్యాంకులో నీళ్ళు మధ్యాన్నం మూడుకి
టీ పెట్టుకునేటంత కాగతాయి.
రూము పన్నెండు వందలు, అదీ దొరికితే.
వరండాలో గుండ్లు కొట్టించుకున్న పిల్లోళ్ళు చాపల మీద వరసగా,
తలల మీద గంధం ఎండి పగిలి...

"అయితే మేలో ఏమీ లేదా?" అంది.

ఉంది.
చెప్పకూడదనుకున్నా. నోరు ఆగలే.

తాతయ్యగుంట గంగమ్మ జాతర, మేడమ్.
వారం రోజులు ఊరు ఊరులా ఉండదు.
మొగోళ్ళు చీరలు కడతారు,
మీసం ఉంచుకోనే కాటుక పెడతారు.
బ్యాంకు క్యాషియరు జడకుచ్చులు ఊపుకుంటా పోతాంటాడు,
ఎవరూ నవ్వరు.
వీధి వీధినా అంబలి పోస్తారు, ఉల్లిపాయ ముక్కతో,
కుండ చల్లదనం గొంతులో దిగేదాకా నిలబెట్టి.
ఆ వారం ఎండని ఎవరూ తిట్టరు.
నాకు తొమ్మిదేండ్లప్పుడు అమ్మోరు పోసింది.
వీడు బతికితే ఏటేటా వేషం కట్టిస్తా తల్లీ అని
మా అమ్మ మొక్కుకునింది.
ఆమె చీరే, ఆమె సవరమే,
పిన్ని జాకెట్టు భుజాల్లోంచి జారిపోతా.
ఈ పనిలో చేరినాంక ఒక్క ఏడూ కట్టలే.
మే నెల. రద్దీ.
సెలవడిగితే ఓనరు మాట్లాడడు,
గోడ మీది క్యాలెండరు చూపిస్తాడు.

ఇదంతా ఫోన్లో ఎందుకు చెప్పినానో.

అవతల మిషను ఆగింది.
"ఎండ మాకు కొత్తా?
గుంతకల్లులో పుట్టినదాన్ని.
మేలోనే వస్తా.
ఛాతీ, భుజం, చెయ్యి పొడుగు,
రాసి పంపించు.
జాకెట్టు నేను కుట్టుకొస్తా."

ఏప్రిల్ పేజీలో పేరు రబ్బరుతో తుడిచినా.
ఎంత తుడిచినా ఖుర్షీద్ అని చదవొస్తానే ఉంది.

సొరుగులో టేపు లేదు.
పార్సిళ్ళు కట్టే పురికొస తీసి
ఛాతీ చుట్టూ తిప్పుకుంటాంటే,
అప్పుడే దిగిన అనకాపల్లి వాళ్ళు
బ్యాగులు కింద పెట్టి
రూముందా అని అడగకుండా
కాసేపు నిలబడిపోయినారు.